ఠేలా గురించి రాసిందంతా ఉంది

అది జరిగింది ఒక మంగళవారం, పగలు పదకొండున్నరకి. మంగళవారమని ఎందుకు గుర్తుందంటే ఆ రోజు నా ఇడ్లీ ఠేలాకి, అంటే తోపుడు బండికి, సెలవు. పదకొండున్నరని ఎందుకు గుర్తుందంటే పొద్దుటి నుంచి లేని కరెంటు రాయపూర్ దేవేంద్ర నగర్‌లో అప్పుడే వచ్చింది, కరెంటు వచ్చాకే ఫారాల మాస్టారు మమ్మల్ని లోపలికి పిలిచాడు. ఈ రెండూ తప్ప ఆ రోజు సంగతి నాకేదీ తేటగా లేదు. ఆయన మొన్న పోయాడు. అడగడానికి మనిషి లేడు కనక నా దగ్గరున్న ముక్కలు రాసి పెడుతున్నాను.

ఆయన పేరు రాయను. బతికినన్నాళ్లూ ఎవరూ పిలవని పేరు పోయాక నేనెందుకు పిలవాలి. తెలుగువాళ్లు మాస్టారనేవారు, ఛత్తీస్‌గఢీ వాళ్లు మాస్టర్‌జీ అనేవారు. ఏ బడిలోనూ పాఠం చెప్పినవాడు కాదు. ఒక జిరాక్సు మిషను, ఫొటోలకి వెనకాల కట్టే తెల్ల గుడ్డ, ఒక కంప్యూటరు పెట్టుకుని, రేషను కార్డు దగ్గర్నుంచి కాలేజీ సీటు దాకా ఏ ఫారమైనా నింపి పెట్టేవాడు. మంచివాడని రాయడానికి నేను కూర్చోలేదు. ఏమిటో తేలక కూర్చున్నాను.

ఎండాకాలంలో కూడా మెడకి మఫ్లరు ఉండేది. వెనకనున్న కూలరు గాలి మెడ మీద కొడుతుందని. కూలరు పక్కకి జరపొచ్చు కదా అంటే, "అది జనానికి పెట్టింది, నాకు కాదు" అనేవాడు. రెండు వేళ్లతో టైపు కొట్టేవాడు. కొట్టే ప్రతి మాటా పైకి అనేవాడు. దాంతో బెంచీ మీద వరసలో కూర్చున్న వాళ్లందరికీ ఒకరి వయసు ఒకరికి, ఒకరి తండ్రి పేరు ఒకరికి తెలిసిపోయేవి.

"గుట్టన్నది ఉంచరా మాస్టారూ?" అని ఒకసారి అడిగాను.

"పైకి అంటేనే తప్పు దొరుకుతాదమ్మా," అన్నాడు. అలా అంటూనే నా ఇంటి నంబరు తప్పు కొట్టాడు.

ఆయనకున్న అసలు జబ్బు ఊళ్ల పేర్లు. రాయపూర్‌లో తెలుగు మాట చెవిన పడితే చాలు, ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడగడం మా వాళ్లందరికీ ఉన్నదే. ఆయనకి అది బాగా ముదిరింది. ఫారంలో సొంత ఊరు అన్న గడి రాగానే కీబోర్డు మీంచి చేతులు తీసేసి కుర్చీ మన వైపు తిప్పేవాడు.

"ఏ ఊరమ్మా?"

"టెక్కలి దగ్గర బాబూ."

"టెక్కలంటే నౌపడా టేసన్లో దిగాల. దిగి ఎడం చేతికి నడిస్తే ఏరొస్తాది, అవునా?"

"అక్కడ ఏరు నేదు బాబూ."

"ఉంటాది. మీరు చిన్నప్పుడే ఇటొచ్చీసుంటారు, గుర్తుండదు."

ఆయన పుట్టింది రాయపూర్ రైల్వే క్వార్టర్లలో. ఆ వైపు జన్మలో ఒక్కసారి, ఎవరిదో పెళ్లికి వెళ్లి వెంటనే తిరుగు రైలెక్కాడట. ఊళ్లన్నీ ఫారాలు నింపుతూ విన్నవే. విన్న ఊళ్లని తన ఇష్టమొచ్చిన ఏటి పక్కన, ఇష్టమొచ్చిన టేసను పక్కన పెట్టేసుకున్నాడు. తప్పు మాస్టారూ అంటే ఒప్పుకునేవాడు కాదు. మన ఊరి గురించి మనతోనే తగువు పడేవాడు.

ఈ తగువులో ఉండగా కంప్యూటరు మీద ఎర్ర అక్షరాలు వచ్చేవి. మీ గడువు అయిపోయింది, మళ్లీ లాగిన్ అవండి అని. అప్పటి దాకా నింపిందంతా పోయేది. ఆయన కంగారు పడేవాడు కాదు. కళ్లజోడు తీసి, స్క్రీనుకి ఒక నమస్కారం పెట్టి, "సార్ లేచి వెళ్లిపోయారు" అనేవాడు.

ఏ సారని అడిగితే నాకిలా చెప్పాడు. "లోపల ఒక సార్ ఉంటాడమ్మా. మనం తలుపు కొట్టి, ఫలానా వాళ్లమని చెప్పి లోపలికెల్తాం. మనం చెప్తన్నంతసేపూ రాసుకుంటాడు. చాలాసేపు ఉలుకూ పలుకూ లేదనుకో, ఈళ్లు ఎల్లిపోనారనుకుని తలుపేసుకుంటాడు. రాసిన కాయితం చింపీసి పారేస్తాడు."

"చింపడమెందుకు? పక్కన పెట్టుకోవచ్చు కదా. మళ్లీ వస్తాం కదా."

"మళ్లీ వచ్చింది మనమేనని ఆడికి నమ్మకమేటి?"

ఆ మాట నాకు అప్పుడూ మింగుడు పడలేదు, ఇప్పుడూ పడలేదు. అదే మొహాలతో అక్కడే కూర్చుని ఉంటే మనం కాక ఇంకెవరు?

నింపింది పోయాక మళ్లీ మొదటి నుంచి అడిగేవాడు. ఇందాక చెప్పింది ఆయనకి ఒక్క ముక్క గుర్తుండేది కాదు. "తండ్రి పేరు?" అనేవాడు. "ఇప్పుడే కదయ్యా చెప్పాను" అని జనం విసుక్కునేవాళ్లు. "ఇప్పుడు చెప్పింది సార్ చింపేశాడు. కొత్తగా చెప్పండి" అనేవాడు. నేను బెంచీ మీద కూర్చుని ఒకటి గమనించాను. రెండోసారి ఎవరూ మొదటిసారి చెప్పినట్టు చెప్పరు. కూరలమ్మే దుకాల్హిన్ బాయి ఉంది, మా వీధిలోనే ఉంటుంది. మొదటిసారి భర్త ఉన్నాడని చెప్పింది. రెండోసారి అడిగేసరికి, "లేడనే రాయి మాస్టర్‌జీ, ఉన్నా ఒకటే" అంది. బెంచీ మీదున్న వాళ్లంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. రెండు వేళ్లూ గాల్లో పెట్టుకుని చాలాసేపు ఆమె మొహం చూశాడు. చివరికి ఏం రాశాడో నాకు తెలియదు. ఆ ఒక్క మాటే పైకి అనలేదు.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. హిందీ రోడ్డు మీద బోర్డులు చూసి పట్టుకున్నాను. తెలుగు మా వీధిలో ఉన్న నర్సమ్మగారు ఆదివారం చర్చి నుంచి వచ్చాక నేర్పింది. కనక ఆ రోజు తెర మీద ఏముందో నేను చదవగలను. నిదానంగా చదవగలను. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే నువ్వేం చదివావులే అని నాతో అన్నవాళ్లున్నారు.

ఇక ఆ మంగళవారం. శంకర్ నగర్‌లో ఆఫీసులున్న రోడ్డు మీద నా ఠేలా. ఆ సంవత్సరం ఠేలాల వాళ్ల పేర్లన్నీ మళ్లీ కొత్తగా రాసుకుంటున్నారు. ఎవరి పేరు ఎక్కితే జాగా వాళ్లది. ఎవరి పేరూ ఎక్కకపోతే ఠేలా తీసేయాలి. ఆ సాయంత్రంతో ఆఖరు. ఈసారి నా పేరు బదులు మా అల్లుడు శ్రీను పేరు ఎక్కించాలని వెళ్లాం. నన్నెవరూ బలవంతం చేయలేదు. ఇది గట్టిగా రాస్తున్నాను. తర్వాత ఈ సంగతి చెప్పుకున్నవాళ్లు అల్లుణ్ణి దొంగని చేశారు. అతను దొంగ కాదు. నా మోకాళ్లు పోయాయి, రుబ్బిన పిండి గిన్నె ఎత్తలేకపోతున్నాను, "ఇక నువ్వే చూసుకో బాబూ" అన్నది నేనే. శ్రీనుకి రాయపూర్ పక్క ఊరు తిల్దాలో బియ్యం మిల్లులో పని. మిల్లు పక్కనే ఇల్లు. ఊక దుమ్ముకి మా అమ్మాయి రమణకి దగ్గు పట్టుకుంది. ఠేలా చేతికొస్తే ఇద్దరూ రాయపూర్ వచ్చేస్తారు. అదీ లెక్క.

శ్రీను, నేను కంప్యూటరు ముందు కూర్చున్నాం. మొదటి పేజీ మనిషి గురించి. శ్రీను పేరు, శ్రీను ఫొటో, శ్రీను ఆధార్ నంబరు మాస్టారు పైకి అంటూ కొట్టాడు. తర్వాత పేజీలు ఠేలా గురించి. ఎక్కడ పెడతారు, ఏమమ్ముతారు, ఎంత వెడల్పు, ఎప్పటి నుంచి ఉంది. ఎప్పటి నుంచో నేను చెప్పాను. ఆయన చేతులు ఆపి కుర్చీ తిప్పాడు.

"అసలు ఆ జాగా ఎలా పట్టీసినావు నూకాలమ్మా?"

ఊరు అడిగితే అలవాటే అనుకునేదాన్ని. జాగా గురించి ఆయన ఎవరినీ అడగగా వినలేదు. ఫారంలో ఆ ప్రశ్న లేదు. అయినా నేను చెప్పడం మొదలుపెట్టాను. నేను మాటకారిని కాదు. ఆ రోజు ఎందుకు అంత మాట్లాడానో తెలియదు. మా ఆయనకి మిల్లులో చెయ్యి కాలడం, ఆయన ఇంట్లో కూర్చోవడం, నేను అరువు గిన్నెలతో రోడ్డెక్కడం చెప్పాను. అప్పుడా జాగా ఉత్త కాలవ గట్టు. ఎవరో ఇల్లు పడగొట్టిన చెత్త పోసి ఉంటే, దాన్నే సర్ది చదును చేశాను. మొదటి వారం ఎవరూ ఇడ్లీ ముట్టలేదు. తెల్లగా, ఉప్పూ కారం లేకుండా ఉంటే జబ్బు మనిషి తిండి అనుకున్నారు. ఎదురాఫీసు చౌకీదారుకి ఒకరోజు నిజంగానే జ్వరం వచ్చింది. అతను తిన్నాడు. అక్కడి నుంచి అమ్ముడుపోయింది.

"అప్పుడు సాంబార్లో ముల్లంగి వేసీదానివి కదా? ఎందుకు మానీసినావు?" అన్నాడు మాస్టారు.

శ్రీను గడియారం చూసుకున్నాడు. "మాస్టర్‌జీ, జల్దీ చేయండి. ఫారంలో ముల్లంగి గడి ఉందా?"

"గడి నేదు బాబూ. తెలుసుకుంటే తప్పేటి?"

"నా లోకల్ రైలు పోతుంది. డ్యూటీకి అందకపోతే మిల్లులో లోపలికి రానివ్వరు."

"అయిపోతాది, అయిపోతాది. ముల్లంగి సంగతి చెప్పు నూకాలమ్మా."

నేను చెప్పాను. చెప్తూ ఉండగా ఆయన చెయ్యి మౌస్ మీద ఉంది. తెర పైకీ కిందికీ జరుగుతోంది. అది నేను చూశాను. ఏం చేస్తున్నాడో చూడలేదు. నా కళ్ల ముందు కాలవ గట్టు ఉంది, కంప్యూటరు లేదు. ఎర్ర అక్షరాలు వచ్చాయి.

మాస్టారు కళ్లజోడు తీసి నమస్కారం పెట్టాడు.

"గయా, పోయింది," అన్నాడు శ్రీను. అతని మొహం నల్లబడింది. "నేను చెప్తూనే ఉన్నాను. అత్తా, నువ్వయినా ఆపాలి కదా. ఇప్పుడు మళ్లీ మొదటి నుంచా?"

"నువ్వెల్లు బాబూ," అన్నాడు మాస్టారు. "నీ ఫొటో నా దగ్గరుంది, నంబరుంది. అత్తగారు కూకుంటారు. సాయంత్రం దాకా టైముంది. నేను చూసుకుంటాను."

శ్రీను నా వైపు చూశాడు. వెళ్లమని నేనే చెయ్యి ఊపాను. అతను వెళ్లిపోయాడు.

మాస్టారు మళ్లీ లాగిన్ కొట్టాడు. పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. తెరుచుకున్నాక ఆయన ముందుకి వంగాడు. నేనూ వంగాను. అన్నాళ్లలో ఎప్పుడూ లేనిది, ఆ రోజు రాసింది పోలేదు. శంకర్ నగర్ ఉంది. ఇడ్లీ ఉంది. వెడల్పు ఉంది, ఎప్పటి నుంచో ఉంది. సార్ కాగితం చింపలేదు, పక్కన పెట్టుకున్నాడు.

ఆయన ఒక్కో పేజీ వెనక్కి తిప్పుకుంటూ మొదటి పేజీకి వచ్చాడు. అక్కడ గడులన్నీ తెల్లగా ఉన్నాయి. పేరు లేదు. ఫొటో లేదు. నంబరు లేదు.

"ఠేలా గురించి రాసిందంతా ఉంది," అన్నాడు. "మనిషి గురించి రాసింది పోయింది. ఎవరి పేరు కొట్టమంటావమ్మా?"

"ఇందాక కొట్టిన పేరే."

"ఇందాకటిది నాకు గుర్తుండదు. నువ్వు చెప్పాల."

చెప్పొచ్చు. శ్రీను అంటే అయిపోయేది. ఆ పేరు పొద్దున్నించి నోట్లోనే ఉంది. నేను నోరు తెరవలేదు. ఆయన మళ్లీ అడగలేదు. జిరాక్సు మిషను లోంచి కాగితాలు వస్తున్నాయి. నేను, "జరుగు" అన్నాను. గారు, మాస్టారు ఏమీ అనలేదు. ఆయన లేచాడు. ఆ కుర్చీ ఆయన ఇంకొకరికి ఇవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

కీబోర్డు మీద హిందీ అక్షరాల కాగితాలు అతికించి ఉండేవి, సగం అరిగిపోయినవి. నేను ఒక్కో అక్షరం వెతికాను. వేలితో నొక్కాను. తప్పు పడితే తుడిచాను, తుడవడం ఏ బొత్తామో ఆయన చూపించాడు. మళ్లీ ఎర్ర అక్షరాలు వస్తాయేమోనని ప్రతి అక్షరానికీ తెర వైపు చూశాను. ఆయన తొందర పెట్టలేదు. ఊరు అడగలేదు. నేను కొట్టేది పైకి అనలేదు. ఆ మనిషి నోరు మూసుకుని నిలబడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

గడిలో నా పేరు వచ్చింది.

"నీ ఆధార్ కార్డు తెచ్చినావా?" అన్నాడు. ఠేలా పాత కాగితం నా పేరు మీద ఉండేది కనక కార్డు తీసుకెళ్లాను. తెల్ల గుడ్డ ముందు నిలబెట్టి ఫొటో తీశాడు. మిగిలింది ఆయనే నొక్కాడు. ఫారం వెళ్లిందని ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. బయటకొస్తుంటే, "ముల్లంగి మళ్లీ వెయ్యి" అన్నాడు.

ఆ సాయంత్రం శ్రీనుకి ఫోను నేనే చేశాను. "నా పేరే రాశాను బాబూ" అన్నాను.

"మాస్టారు మార్చాడా?"

"రాసింది నేను."

"ఎందుకత్తా?"

"తెలీదు బాబూ."

అతను ఫోను రమణకి ఇచ్చాడు. రమణ, "నాకు దగ్గొస్తోంది, తర్వాత మాట్లాడతాను" అని పెట్టేసింది. ఆమె అన్న ఆ "తర్వాత" చాలా నెలలకి వచ్చింది. ఇప్పుడు బాగానే మాట్లాడుతుంది. మాటకీ మాటకీ మధ్య దగ్గుతుంది. వాళ్లు ఇంకా తిల్దాలోనే ఉన్నారు. నా మోకాళ్లు అలాగే ఉన్నాయి. పిండి ఎత్తడానికి ఒక మనిషిని పెట్టుకున్నాను. ఠేలా నడుస్తోంది. రోజూ పొద్దున ఆ రోడ్డు మీదకి వెళ్లి నిలబడితే నాకు బాగుంటుంది. నాకు బాగుండటం, నా బిడ్డ దగ్గటం, రెండూ ఒకే గడిలోంచి వచ్చాయి. నేనేం చేయను.

మాస్టారిని అడిగాను. ఇడ్లీ తినడానికి వచ్చినప్పుడల్లా అడిగాను. ఆయన రోడ్డుకి వీపు పెట్టి, ముందు సాంబారంతా తాగేసి, తర్వాత పొడి ఇడ్లీ తినేవాడు.

"మాస్టారూ, ఆ రోజు మొదటి పేజీ మీరే చెరిపేశారా?"

ఒకసారి, "సార్ పని నాకేటి తెలుస్తాది?" అన్నాడు.

ఇంకోసారి, "నీ మోచెయ్యి తగిలీసింది కీబోర్డుకి. నువ్వే చెరిపీసినావు" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. నా మోచెయ్యి ఎక్కడుందో ఎంత ఆలోచించినా రాలేదు.

మరోసారి నాకు కోపం వచ్చింది. "నా జాగా నేను ఇచ్చుకుంటాను, నీకెందుకు? నిన్ను నేను కాపాడమన్నానా?" అని జనం ముందే అరిచాను. ఆయన గిన్నె కింద పెట్టి, "నేను నిన్ను ఒక్క మాటే కదా అడిగాను, ఎవరి పేరని" అన్నాడు. అది నిజమే. నిజమైనా నాకు చాల్లేదు. అప్పుడు ఆయన, "మీ ఊరు ఏటి పక్కనే కదా?" అన్నాడు. మాకు ఏరు లేదు. అదీ ఆయనతో చెప్పీ చెప్పీ అలిసిపోయాను.

మొన్న ఆయన పోయాక, ఇప్పుడా కొట్టు చూసుకుంటున్న సంతోష్ సాహుని అడిగాను. ఆ రోజు జిరాక్సు మిషను దగ్గరున్నది అతనే. మిగతా సైట్లలా కాదు, ఆ ఠేలాల సైటులో లాగిన్ పోయినా మిగతా పేజీల్లో రాసినవి ఉంటాయి, అప్పుడు తెరిచి ఉన్న పేజీయే పోతుంది అన్నాడు. అయితే మొదటి పేజీ ఉండాలి, ఠేలా పేజీ పోవాలి. తలకిందులుగా ఎందుకైంది? "మాస్టర్‌జీ వెనక్కి మొదటి పేజీకి వెళ్లి ఉంటాడు" అన్నాడు. ఎందుకు వెళ్తాడు? "తప్పేమైనా పడిందేమో, దిద్దుదామని." మరి కావాలని అయితే? సంతోష్ భుజాలు ఎగరేశాడు. "అప్పట్లో ఆ సైటు ఒక రోజు ఒకలా ఉండేది అమ్మా. నేను మిషను వైపు తిరిగి ఉన్నాను, చూడలేదు."

చెరిపితే ఆయన నాకు అన్యాయం చేశాడా, న్యాయం చేశాడా? చెరపకపోతే, ఆ తెల్ల గడి చూసి అంత పని చేసింది నేనేనా? ఏది నిజమైతే నాకు తేలికో కూడా తెలియడం లేదు. ఆయన శవాన్ని తీసుకెళ్తుంటే వీధి చివర నిలబడి ఇదే ఆలోచించాను. ఏడుపు రాలేదు.

అందుకని ఆ మంగళవారం ఆ కొట్లో ఉన్నవాళ్ల పేర్లు రాస్తున్నాను. ఎవరైనా తెర వైపు చూసి ఉంటే నాకు వచ్చి చెప్పాలి. మా అల్లుడు శ్రీను, మధ్యలో వెళ్లిపోయాడు. సంతోష్ సాహు, మిషను వైపు తిరిగి ఉన్నాడు. దుకాల్హిన్ బాయి, ఫొటో కోసం వచ్చి తల దువ్వుకుంటోంది, అడిగితే గుర్తు లేదంది. పింఛను కాగితానికి వచ్చిన అప్పారావుగారు, బెంచీ మీద కునుకు తీస్తున్నారు, ఇప్పుడాయన కూడా లేరు. మాస్టారు. నేను, నూకాలు.